నారికురుపు కోసం ఆగిన యుద్ధం

కర్నూలు, అనంతపురం పల్లెల్లో అరవై దాటినవాళ్లను అడిగితే నారికురుపు అంటే ఏమిటో చెప్తారు. దిగుడు బావిలోకి మెట్లు దిగి, కాళ్లు తడిసిన నీళ్లనే కడవతో ముంచుకుని తాగిన రోజులవి. కంటికి ఆనని నీటి పురుగుతో పాటు దాని కడుపులోని పిల్ల పురుగు కూడా మనిషి ఒంట్లోకి పోయేది. ఏడాది తిరిగేసరికి అది రెండు మూరల దాకా పెరిగి, పిక్క మీదో పాదం మీదో బొబ్బ లేపి, చర్మం చీల్చుకుని బయటికొచ్చేది. గట్టిగా లాగితే తెగుతుంది, తెగితే చీము పడుతుంది. అందుకని చిన్న పుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున లాగేవాళ్లు. వారాల తరబడి మనిషి పొలం మొహం చూసేవాడు కాదు. ఈ జబ్బుకు మందు లేదు, టీకా లేదు. నీళ్లు గుడ్డతో వడగట్టుకోవడం, దిగుడు బావుల్ని చేదబావులుగా మార్చడం లేదా బోరింగులు వేయడం, ఇంతే దారి. 1980ల మొదట్లో మొదలైన జాతీయ కార్యక్రమం చేసింది ఆ పనే. 1996 తర్వాత మన దేశంలో ఒక్క కేసూ రాలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట అధికారికంగా ప్రకటించింది.

ఆ పని జరగాలంటే గుడ్డలు సంచిలో వేసుకున్న ఆరోగ్య కార్యకర్త ఊళ్లోకి భయం లేకుండా నడిచి రాగలగాలి. మనకు అది ఎప్పుడూ ఉంది కాబట్టి దాన్ని గురించి ఎవరం ఆలోచించలేదు. సూడాన్‌లో అది లేదు. 1983లో మొదలైన అంతర్యుద్ధం దక్షిణ ప్రాంతాన్నంతా చుట్టేసింది. ప్రపంచంలో మిగిలిన నారికురుపు కేసుల్లో ఎక్కువ భాగం అక్కడే ఉన్నాయి, అక్కడికే ఎవరూ పోలేరు. 1995 మార్చిలో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అటు రాజధాని ఖార్టూమ్‌లోని సూడాన్ ప్రభుత్వంతో, ఇటు తిరుగుబాటుదారులతో మాట్లాడి రెండు నెలలు తుపాకులు ఆపడానికి ఒప్పించారు. గడువు పొడిగిస్తూ పోతే అది దాదాపు ఆరు నెలలు నడిచింది. ఆ ఆర్నెల్లలో ఆరోగ్య సిబ్బంది అంతకుముందు అడుగుపెట్టలేని ఊళ్లకు వెళ్లారు. వడగట్టే గుడ్డలు పంచారు, పిల్లలకు పోలియో, తట్టు టీకాలు వేశారు. నారికురుపు పేరు మీదే చరిత్రలో ఒక కాల్పుల విరమణ నిలిచిపోయింది.

తర్వాత యుద్ధం మళ్లీ మొదలైంది. ఇంకో తొమ్మిదేళ్ల పైనే సాగి, 2005 జనవరి 9న సమగ్ర శాంతి ఒప్పందంతో ముగిసింది. కాబట్టి 1995 ప్రయత్నం దండగైందని ఎవరైనా అనొచ్చు. నేను ఒప్పుకోను. 1980ల నడుమ ఏటా 35 లక్షల మందికి సోకుతుందని అంచనా వేసిన జబ్బు, 2021 నుంచి 2024 దాకా ప్రపంచం మొత్తం మీద ఏ ఏడాదీ 20 మందిని దాటలేదు. ఆ దారిలో ఆ ఆర్నెల్లకూ వాటా ఉంది.

యుద్ధ వార్తల్ని మనం ఎవరు గెలుస్తున్నారు, ఎవరు ఓడుతున్నారు అన్న లెక్కలోనే చూస్తుంటాం. శాంతి అంటే యుద్ధం పూర్తిగా ముగిశాక వచ్చేదనీ, అప్పటిదాకా జనం ఖర్మ జనానిదేననీ అనుకుంటాం. అసలు సంగతి వేరు. యుద్ధాన్ని ఆపలేని రోజున కూడా దానిలో ఒక ముక్కను ఆపించవచ్చు. ఒక రోడ్డును, ఒక రేవును, ఒక పూటను. సామాన్యుల ప్రాణాలు ఎక్కువగా దక్కేది ఆ ముక్కల్లోనే. వాటిని సంపాదించేది చర్చలు. చర్చల్లో కూర్చున్నవాడికి ఏం అడగాలో చెప్పేది చట్టం.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది

యుద్ధానికి కూడా చట్టం ఉంటుందంటే చాలామంది నమ్మరు. ఉంది, అదీ చాలా పాతది. 1859లో ఇటలీలోని సోల్ఫరినో యుద్ధభూమిలో దిక్కులేకుండా పడి ఉన్న గాయపడినవాళ్లను చూసి చలించిన స్విస్ వ్యాపారి హెన్రీ డ్యునాంట్ వల్ల 1863లో రెడ్‌క్రాస్ పుట్టింది, మరుసటి ఏడాది మొదటి జెనీవా ఒప్పందం వచ్చింది. కానీ అది గాయపడిన సైనికుల కోసం. సామాన్య జనం కోసం ప్రత్యేకంగా ఒక ఒప్పందం రావడానికి రెండో ప్రపంచ యుద్ధం దాకా, కోట్ల మంది చచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. 1949 ఆగస్టు 12న కుదిరిన నాలుగు జెనీవా ఒప్పందాల్లో నాలుగోది అదే. మనతో సహా 196 దేశాలు వీటిని ఆమోదించాయి. 1977లో వీటికి అదనపు ప్రోటోకాళ్లు, అంటే అనుబంధ ఒప్పందాలు, చేర్చారు.

సారాంశం మూడు మాటల్లో ఉంది. సైనికుడినీ సామాన్యుడినీ వేరుచేసి చూడాలి. సైనిక లక్ష్యాన్ని కొట్టేటప్పుడు కూడా సామాన్యులకు జరిగే నష్టం, దక్కే సైనిక ప్రయోజనంతో పోలిస్తే మితిమీరకూడదు. ఆ నష్టం తగ్గించడానికి చేతనైన జాగ్రత్తలన్నీ తీసుకోవాలి. చదవడానికి తేలిగ్గానే ఉంది. మైదానంలోకి దిగితే ఇది ఎంత చిక్కు వ్యవహారమో ఒక ఉదాహరణతో చూద్దాం.

కర్నూలులాంటి ఊరు ఒకటి అనుకుందాం. జనం కిటకిటలాడే కూరగాయల మార్కెట్ వెనక సందులో శత్రువు ఆయుధాల గోడౌన్ పెట్టాడు. గోడౌన్ సైనిక లక్ష్యమే, సందేహం లేదు. కానీ దాడికి ఆదేశమిచ్చే అధికారి ముందుగా కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. అక్కడున్నది నిజంగా ఆయుధాలేనని ఎలా తెలిసింది? పొద్దున ఆరింటికి కొడతావా, జనం లేని అర్ధరాత్రి కొడతావా? సందు మొత్తం కూలిపోయే బాంబా, ఆ ఒక్క కప్పునే పగలగొట్టేదా? ముందుగా హెచ్చరించే వీలుందా? గోడౌన్‌లో నాలుగు పాత తుపాకులుంటే, దానికోసం వంద మంది చావడం లెక్కకు సరిపోతుందా? ఈ ప్రశ్నలు వేసుకోకుండా ట్రిగ్గర్ నొక్కితే అది చట్టాన్ని ఉల్లంఘించడమే. ఇంతా చేశాక కూడా కొందరు చనిపోతే, చట్టం దృష్టిలో అది నేరం కాకపోవచ్చు. యుద్ధ చట్టంలో మనసు ఒప్పుకోని మాట ఇదే. సామాన్యుల చావులన్నిటినీ అది నిషేధించదు, నిర్లక్ష్యాన్నీ ఉద్దేశాన్నీ నిషేధిస్తుంది.

ఇంకో వైపు కూడా ఉంది. జనం మధ్య ఆయుధాలు దాచినవాడూ తప్పు చేస్తున్నట్టే. అయితే వాడు తప్పు చేశాడు కాబట్టి మార్కెట్‌లో ఉన్నవాళ్లకు రక్షణ పోయిందనడానికి వీల్లేదు. టీవీ చర్చల్లో ఈ ఒక్క విషయాన్నే అందరూ తప్పుగా చెప్తుంటారు. ఒకరి ఉల్లంఘన ఇంకొకరి బాధ్యతను రద్దు చేయదని మొదటి అదనపు ప్రోటోకాల్ 51వ అధికరణం స్పష్టంగానే అంటుంది. అలాగే ‘ఊరు ఖాళీ చేయమని చెప్పాం కదా, ఇంకా ఉన్నవాళ్లు శత్రువులే’ అనే వాదన. ముసలివాళ్లు, మంచం పట్టినవాళ్లు, బస్సు చార్జీ లేనివాళ్లు, పశువుల్ని వదల్లేనివాళ్లు ఉండిపోతారు. హెచ్చరిక విని కూడా కదలనివాడు సామాన్యుడు కాకుండా పోడు.

ఆసుపత్రుల విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంటుంది. ఆసుపత్రిని శత్రువు వాడుకుంటున్నా సరే, హెచ్చరించి, తగినంత గడువిచ్చి, అది వినకపోతేనే రక్షణ తొలగుతుంది. అయినా 2015 అక్టోబరు 3న ఆఫ్ఘనిస్థాన్‌లోని కుందూజ్‌లో సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ నడిపే ఆసుపత్రి మీద అమెరికా విమానం దాడి చేస్తే 42 మంది చనిపోయారు. ఆ ఆసుపత్రి ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా అందరికీ ముందే ఇచ్చారు.

మరి చట్టం ఉండీ ఎందుకు పనిచేయడం లేదు? ఊళ్లో దొంగతనం జరిగితే పోలీసులు వస్తారు, దేశాల మీదికి వచ్చే పోలీసు ఎవరూ లేరు. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో అయిదు దేశాలకు వీటో ఉంది. ఆ అయిదింటిలో ఒకటి యుద్ధంలో ఉన్నా, యుద్ధం చేసేవాడికి అండగా ఉన్నా మండలి చేతులెత్తేస్తుంది. 2002 నుంచి పనిచేస్తున్న అంతర్జాతీయ నేర న్యాయస్థానం వారెంట్లు జారీ చేయగలదు గానీ అరెస్టు చేయడానికి దానికంటూ ఒక్క కానిస్టేబుల్ లేడు. అమెరికా, రష్యా, చైనా, మన దేశం దానిలో సభ్యులు కావు.

ఇంత బలహీనమైన చట్టాన్ని పట్టుకుని ఏం చేస్తాం అని విసుగొస్తుంది. అయితే ఈ చట్టం జడ్జి చేతిలో కంటే రాయబారి చేతిలో ఎక్కువ పనికొస్తుంది. ‘దయచేసి మందుల లారీని పోనివ్వండి’ అని అడుక్కోవడానికీ, ‘నాలుగో జెనీవా ఒప్పందం 23వ అధికరణం కింద మందులు పోనివ్వాల్సిన బాధ్యత మీ మీద ఉంది, మీరే సంతకం పెట్టారు, ఏ రోడ్డు, ఎన్ని గంటలకు చెప్పండి’ అని కూర్చోవడానికీ చాలా తేడా ఉంది. రెండోదానిలో ఎదుటివాడు నీళ్లు నమలాలి.

ఒక రోడ్డు, ఒక పూట

ఇలాంటి చిన్న ఒప్పందాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌ది. 1985లో ఆ దేశం అంతర్యుద్ధంలో మునిగి ఉంది. యుద్ధంలో కంటే మామూలు జబ్బులతో ఎక్కువమంది పిల్లలు చనిపోతున్నారని యూనిసెఫ్ అధిపతి జేమ్స్ గ్రాంట్ అధ్యక్షుడు డువార్టేకు చెప్పారు. కేథలిక్ చర్చి గెరిల్లాలతో మాట్లాడింది. మూడు రోజులు, ఆ ఏడాదిలో మూడంటే మూడు రోజులు, రెండు పక్షాలూ కాల్పులు ఆపాయి. పిల్లలకు టీకాలు వేశారు. అది అంతటితో ఆగలేదు. 1992 జనవరిలో శాంతి ఒప్పందం కుదిరేదాకా ఏటేటా ఆ రోజులు వచ్చాయి. మన ఊళ్లో పల్స్ పోలియో ఆదివారం నాడు బస్టాండులో, అంగన్‌వాడీలో చుక్కలు వేయించుకునే పిల్లల్ని చూస్తే, ఆ ఒక్క ఆదివారాన్ని సంపాదించుకోవడానికి ఒక దేశంలో ఎంతమంది ఎంత కష్టపడ్డారో నాకు గుర్తొస్తుంది. 2024 సెప్టెంబరులో గాజాలోనూ ఇదే పద్ధతిలో, ఒక్కో ప్రాంతంలో రోజులో కొన్ని గంటల చొప్పున దాడులు ఆపి, మొదటి విడతలో పదేళ్లలోపు పిల్లలు 5 లక్షల 50 వేల మందికి పైగా పోలియో చుక్కలు వేశారు. అక్టోబరులో ఉత్తర గాజాలో బాంబు దాడుల వల్ల రెండో విడత వాయిదా పడింది. అంటే ఒక విడత కుదిరిందని రెండోది దానంతటదే కుదరదు. ప్రతి పూటకూ మళ్లీ మొదటి నుంచి మాట్లాడాలి.

నల్ల సముద్రం ధాన్యం ఒప్పందం మన వంటింటికి ఇంకా దగ్గరిది. అనంతపురం అంటే వేరుశనగ. అయినా మన ఇళ్లలో వేరుశనగ నూనె పక్కకు పోయి సన్‌ఫ్లవర్ ప్యాకెట్ వచ్చి చాలా కాలమైంది. ఆ ప్యాకెట్‌లోని నూనె చాలావరకు ఉక్రెయిన్, రష్యాల నుంచి వచ్చేది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలవగానే కిరాణా కొట్లో ధర ఎలా ఎగబాకిందో అందరికీ గుర్తుంది. ఉక్రెయిన్ రేవులు మూతపడ్డాయి, సముద్రంలో మందుపాతరలు వేశారు, గోధుమ, మొక్కజొన్న, నూనె గోదాముల్లోనే ఉండిపోయాయి. ఆఫ్రికాలో రొట్టె ధర పెరిగింది.

టర్కీ, ఐక్యరాజ్య సమితి నడుమ నిలబడి 2022 జులై 22న ఇస్తాంబుల్‌లో ఒప్పందం చేయించాయి. రష్యా, ఉక్రెయిన్ ప్రతినిధులు ఒకరి కాగితం మీద ఒకరు సంతకం పెట్టలేదు. రెండు వేరువేరు కాగితాలు తయారుచేశారు. ఒక్కొక్కరు టర్కీతో, సమితితో సంతకాలు చేసుకున్నారు. ఇస్తాంబుల్‌లో ఒక ఉమ్మడి కేంద్రం పెట్టారు. ఓడలు లోపలికి వెళ్లేటప్పుడు ఆయుధాలు తీసుకుపోవడం లేదని నాలుగు పక్షాల మనుషులూ కలిసి తనిఖీ చేసేవాళ్లు. అంటే యుద్ధభూమిలో ఒకరినొకరు చంపుకుంటున్న రెండు దేశాల అధికారులు ఇక్కడ ఒకే ఓడలో నిలబడి గోధుమల గది చూస్తున్నారన్నమాట. సంతకాలైన మర్నాడే ఒడెస్సా రేవు మీద క్షిపణులు పడ్డాయి. ఇంక అయిపోయిందనే అందరూ అనుకున్నారు. అయిపోలేదు. ఆగస్టు 1న మొదటి ఓడ బయల్దేరింది. 2023 జులైలో రష్యా తప్పుకునేదాకా దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నుల సరుకు బయటికొచ్చింది. నమ్మకం లేని చోట కూడా ఒప్పందం నడుస్తుందని నిరూపించింది ఇది. నమ్మకం స్థానంలో తనిఖీ పెట్టారు.

ఇలాంటి ఒప్పందం నిలబడాలంటే ప్రతి అక్షరం రాసుకోవాలి. ‘దారి ఇస్తాం’ అంటే చాలదు. ఏ దారి, ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, దారిలో ఏ చెక్‌పోస్టు ఎవరిది, వాహనాలకు ఏ గుర్తు, గొడవొస్తే ఎవరికి ఫోన్ చేయాలి. 2022 మార్చిలో ఉక్రెయిన్ నగరం మరియుపోల్ నుంచి జనాన్ని తీసుకురావడానికి ఒప్పుకున్నాక కూడా ప్రయత్నాలు చెడిపోయాయి. చూపించిన రోడ్డు మీదే మందుపాతరలు ఉన్నాయని రెడ్‌క్రాస్ వెళ్లాక తేలింది. ఏప్రిల్ 26న సమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ స్వయంగా మాస్కో వెళ్లి పుతిన్‌తో మాట్లాడాకే, అజోవ్‌స్తల్ ఉక్కు కర్మాగారం నేలమాళిగల్లో వారాల తరబడి దాక్కున్న ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు బయటికి రాగలిగారు.

అదే మార్చిలో ఉక్రెయిన్‌లోని సుమీ నగరంలో చిక్కుకున్న సుమారు 700 మంది భారతీయ విద్యార్థుల సంగతీ అంతే. మంచు కరిగించుకుని తాగుతున్నామని పిల్లలు వీడియోలు పెడుతుంటే ఇక్కడ తల్లిదండ్రులకు కంటి మీద కునుకు లేదు. 7వ తేదీన బస్సులెక్కినవాళ్లను మళ్లీ దించేశారు. ఆ రోజే ప్రధాని మోదీ పుతిన్‌తోనూ, జెలెన్‌స్కీతోనూ మాట్లాడారు. 8న బస్సులు పోల్తావా చేరాయి. ఆ యుద్ధంలో మన దేశం ఇద్దరిలో ఎవరినీ దూరం చేసుకోలేదని అప్పట్లో చాలామంది విమర్శించారు. ఆ విమర్శలో న్యాయం ఉండొచ్చు. కానీ ఇద్దరికీ ఫోన్ చేయగలిగిన స్థితి ఆ ఒక్కరోజు ఎంత విలువైనదో సుమీ పిల్లల ఇళ్లల్లో తెలుసు.

ఎవరితో మాట్లాడాలి

మన సీమలో ఫ్యాక్షన్ చూసిన ఊళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రెండు వర్గాల మధ్య రాజీ కుదరాలంటే రెండిళ్లల్లోనూ కూర్చుని కాఫీ తాగగలిగిన మనిషి ఒకరుండాలి. అలాంటి మనిషిని రెండు వైపులా అనుమానంగానే చూస్తారు. ‘వాళ్లింటికి కూడా పోతాడు’ అంటారు. పోతాడు కాబట్టే పనికొస్తాడు. దేశాల మధ్య ఈ పని ఖతార్, నార్వే, ఒమన్, టర్కీ, స్విట్జర్లాండ్ చేస్తుంటాయి. తాలిబాన్ ఆఫీసు పెట్టుకున్న ఖతార్ రాజధాని దోహాలోనే 2020 ఫిబ్రవరి 29న అమెరికా వాళ్లతో ఒప్పందం మీద సంతకం చేసింది. 1980 నుంచి ఇరాన్‌లో అమెరికా ఎంబసీ లేదు. అక్కడ అమెరికా వ్యవహారాలు స్విట్జర్లాండ్ చూస్తుంది. తిట్టుకోవడానికి మైకులు చాలు, ఖైదీని విడిపించుకోవాలంటే స్విస్ రాయబారి కావాలి.

కడప, రాజంపేట, రాయచోటి వైపు కుటుంబాలకు దీని విలువ 1990లోనే తెలిసింది. ఆ ఏడాది ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అక్కడ లక్షా డెబ్భై వేల మందికి పైగా భారతీయులు చిక్కుకుపోయారు. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, డ్రైవర్లు, దుకాణాల్లో పనివాళ్లు. రాత్రికి రాత్రి జీతమూ లేదు, డబ్బు విలువా లేదు. ఇక్కడ ఫోన్లు లేవు, ఉత్తరం రాదు. విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌ను కలిశారు. సద్దాంను కౌగిలించుకున్న ఫొటో చూసి ప్రపంచమంతా విమర్శించింది. దురాక్రమణ చేసినవాడితో కౌగిలింతలేమిటని అడిగారు. ప్రశ్న సరైనదే. కానీ బయటపడే దారి ఇరాక్ గుండానే ఉంది. కువైట్ నుంచి బస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారిలో వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరితేగాని విమానం లేదు. ఆ రోడ్డుకు తాళం చెవి సద్దాం దగ్గరుంది. అమ్మాన్ నుంచి 59 రోజుల్లో ఎయిర్ ఇండియా 488 విమానాలు నడిపి లక్షా పది వేల మందికి పైగా తీసుకొచ్చింది. ఈలోపు ఆంక్షల వల్ల కువైట్‌కు ఆహారం పోనివ్వకపోతే, సమితి ఆంక్షల కమిటీని ఒప్పించి ‘విశ్వసిద్ధి’ అనే ఓడలో ఆహారం పంపించారు. ఒక పక్క బాగ్దాద్‌తో, ఇంకో పక్క బాగ్దాద్‌పై ఆంక్షలు పెట్టినవాళ్లతో, ఒకే వారంలో ఇద్దరితోనూ మాట్లాడాల్సిన పని అది.

దురాక్రమణ చేసినవాడితో మాట్లాడితే అతను చేసింది ఒప్పుకున్నట్టేనా? నా దృష్టిలో కాదు. మాట్లాడేది అతని గౌరవం కోసం కాదు, అతని చెక్‌పోస్టు దాటాల్సిన మనుషుల కోసం. అయితే ఈ మాట ఒక గీత దగ్గర ఆగాలి. చర్చల పేరుతో జనాన్ని కాగితాల మీద మాత్రమే కాపాడి చేతులు దులుపుకోవడం అన్నిటికంటే ఘోరం. బోస్నియాలోని స్రెబ్రెనిట్సాను 1993లో భద్రతా మండలి ‘సురక్షిత ప్రాంతం’ అని ప్రకటించింది. ఆ మాట నమ్మి వేల మంది అక్కడే ఉండిపోయారు. కాపలాకు పెట్టింది కొన్ని వందల మంది డచ్ సైనికుల్ని. 1995 జులైలో సెర్బ్ దళాలు వస్తే వాళ్లు అడ్డుకోలేకపోయారు. 8 వేల మంది మగవాళ్లను, మగపిల్లల్ని చంపేశారు. ఆ ప్రకటనే లేకపోతే కొందరైనా వేరే దారి చూసుకునేవాళ్లేమో. నిలబెట్టుకునే బలం, ఉద్దేశం లేని హామీ ఇవ్వడం కంటే ఇవ్వకపోవడమే నయం.

ఆ దెబ్బతోనూ, 1994లో రువాండాలో ఎనిమిది లక్షల మంది హతమవుతుంటే శాంతి దళాన్ని పెంచాల్సింది పోయి తగ్గించిన సిగ్గుతోనూ సమితి పద్ధతి మార్చుకుంది. 1999లో సియెర్రా లియోన్ దళానికి మొదటిసారిగా సామాన్యుల రక్షణ బాధ్యతను ఉత్తర్వులోనే రాసిచ్చింది. ఆ దళంలో మన సైనికులూ ఉన్నారు.

విరామం నుంచి శాంతి దాకా

కాల్పుల విరమణకూ శాంతికీ మధ్య దూరం చాలా ఎక్కువ. కొరియాలో 1953 జులై 27న తుపాకులు ఆగాయి, శాంతి ఒప్పందం మాత్రం ఈనాటికీ లేదు. శాంతి ఒప్పందంలో తుపాకులు ఎవరికి అప్పగించాలి, ఖైదీలెప్పుడు వస్తారు, పారిపోయినవాడి ఇల్లు, పొలం ఎవరివి, చంపినవాడికి శిక్షా క్షమాభిక్షా అన్నవన్నీ తేలాలి. క్షమాభిక్ష ఇవ్వకపోతే తుపాకి దించరు, ఇస్తే చచ్చినవాళ్ల ఇళ్లకు న్యాయం జరగదు. దీనికి ఒక్క దేశం కూడా నొప్పి లేని పరిష్కారం కనిపెట్టలేదు. కొలంబియా కొంత దగ్గరికొచ్చింది. ప్రభుత్వానికీ ఫార్క్ గెరిల్లాలకూ 2016లో కుదిరిన ఒప్పందానికి ముందు, రెండు పక్షాల చేతుల్లోనూ నష్టపోయిన 60 మందిని 2014లో విడతలుగా క్యూబా రాజధాని హవానా తీసుకెళ్లి, చర్చల బల్ల దగ్గర కూర్చోబెట్టి వాళ్ల మాట విన్నారు. 2003లో లైబీరియా చర్చలు ఘనా రాజధాని అక్రాలో సాగుతూ ఉంటే, ఒప్పందం తేలేదాకా ఎవరినీ బయటికి వదలమని ఆడవాళ్లే హాలు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. వాళ్లను నడిపించిన లేమా బోవీకి 2011లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

జనం లేని బల్ల మీద ఏం జరుగుతుందో మన నేలకూ అనుభవమే. 1800లో నిజాం తన దగ్గరున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద నేటి కడప, అనంతపురం ప్రాంతాల్ని బళ్లారితో కలిపి ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చింది. అంతకుముందు మైసూరు యుద్ధాల్లో నలిగిన రైతును ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఇద్దరు దొరల మధ్య అది శాంతి ఒప్పందమే, రైతుకు మాత్రం పన్ను కట్టే చోటు మారింది.

మన దేశం, పాకిస్తాన్‌ల మధ్య కూడా పెద్ద శాంతి ఎప్పుడూ కుదరలేదు గానీ చిన్న ఒప్పందాలు కొన్ని మొండిగా బతుకుతున్నాయి. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని 1988లో రాసుకున్నారు. 1992 నుంచి ఏటా జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. కార్గిల్ తర్వాతా ఇచ్చుకున్నారు, పుల్వామా తర్వాతా ఇచ్చుకున్నారు. జనవరి, జులై ఒకటో తేదీల్లో ఖైదీల, జాలర్ల జాబితాలు కూడా. 2025 మే 10న కాల్పులు ఆగింది రెండు సైన్యాల ఆపరేషన్స్ అధిపతుల మధ్య ఫోన్‌లోనే. అప్పటికే పూంచ్‌లో ఫిరంగి గుండ్ల వర్షంలో సామాన్యులు చనిపోయారు. ఆ హాట్‌లైన్ తీగ తెగి ఉంటే ఇంకెంతమంది పోయేవాళ్లో ఊహించడానికే భయం వేస్తుంది. ఒక విషయంలో మాత్రం మన ప్రభుత్వం తీరు నాకు నచ్చదు. 1977 ప్రోటోకాళ్లలో మనం ఇప్పటికీ చేరలేదు. అంతర్గత ఘర్షణల మీద బయటివాళ్ల పెత్తనం వస్తుందన్న సంకోచం అర్థమవుతుంది. కానీ ఉక్రెయిన్‌లోనో గాజాలోనో చట్టాన్ని గౌరవించమని అడిగే దేశం ఆ చట్టం కింద సంతకం పెట్టి అడిగితే మాటకు బరువుంటుంది. మన ఎంపీలను ఈ ప్రశ్న అడగొచ్చు. ఎవరూ అడగడం లేదు.

ఇంక గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్ల సంగతి. 2025 జూన్ 23న ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసిన రాత్రి కువైట్‌తో సహా గల్ఫ్ దేశాలు గగనతలం మూసేశాయి. గంటల్లోనే మళ్లీ తెరిచారు కాబట్టి సరిపోయింది. ఆ నెలలోనే ఇరాన్‌లోని మన విద్యార్థుల కోసం ఆ దేశం మూసిన తన గగనతలాన్ని ప్రత్యేకంగా తెరిచింది. పైన చెప్పిన చిన్న ఒప్పందాల జాతిదే అదీ. అయితే అలాంటి దారి తెరుచుకున్న రోజున ఎంబసీ చేతిలో ఉండేది ఒక జాబితా. ఆ జాబితాలో లేనివాళ్లు ఎవరో మనకు తెలుసు. ఏజెంట్ మాట నమ్మి విజిట్ వీసా మీద పోయినవాళ్లు, ఖద్దామా (ఇంటిపని) వీసా మీద పోయి వేధింపులు భరించలేక ఇల్లు వదిలి బయట పనిచేసుకుంటున్న ఆడవాళ్లు, పాస్‌పోర్టు కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) బీరువాలో ఉండిపోయినవాళ్లు. బస్సు వచ్చినా ఎక్కడానికి వాళ్లకు కాగితం ఉండదు. 2024లో కువైట్ ఇచ్చినట్టు క్షమాభిక్ష గడువు ప్రకటించినప్పుడల్లా కాగితాలు సరిచేసుకోవడం, ఎంబసీలో పేరు నమోదు చేసుకోవడం వాళ్లకు అన్నిటికంటే పెద్ద రక్షణ. ఇంటి దగ్గరివాళ్లు ఈసారి ఫోన్ వచ్చినప్పుడు పాస్‌పోర్టు నంబరు, సివిల్ ఐడీ నంబరు, కఫీల్ ఫోన్ నంబరు, ఉంటున్న ఏరియా, బ్లాకు, వీధి అడిగి ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. పాస్‌పోర్టు జిరాక్సు ఒకటి కడపలోనూ ఉండాలి.